‘రి’ మీట మీద నీ దస్తూరీ

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటిపోయింది. ఆలస్యానికి నా దగ్గర మంచి సాకు ఏదీ లేదు కనుక, వెతకడం మానేసి నేరుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇక్కడ అందరమూ కులాసా. అమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, పెద్దమ్మాయికి పుణే బదిలీ అయింది, రామచంద్రపురం ఇంటి బేరం ఇంకా తెగలేదు. మిగిలిన కబుర్లు మరొకసారి రాస్తాను. ఇప్పుడు మాత్రం ఒక్క సంగతి నీ చెవిన వేయకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నా క్యాసియో కీబోర్డు దొరికింది.

ఏ క్యాసియో అని అడగకు. 1984లో మామయ్య కువైట్ నుంచి తెచ్చినది, చవితి పందిట్లో నీ పరువు తీసినది, జీడిపప్పు డబ్బాతో పాటు మాయమైందని మనం ముప్పై ఏళ్లుగా మీ తమ్ముడిని అనుమానిస్తూ వచ్చినది. పాపం, వాడికి నా తరఫున కూడా క్షమాపణ చెప్పు. జీడిపప్పు విషయంలో మాత్రం నా అనుమానం చెక్కుచెదరలేదని కూడా చెప్పు. ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది ఇత్తడి గుండిగలు దింపిస్తుంటే, వాటి వెనుక పాత దుప్పట్లో చుట్టి, పురికొసతో రెండు ముడులు వేసి కనిపించింది. ఆ ముడులు చూడగానే మామయ్య వేసినవేనని గుర్తుపట్టాను. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆ పెట్టె మొదటిసారి విప్పిన రోజున ఆయన మొహం ఎలా ఉందంటే... సరే, అది ఇంకొక ఉత్తరం.

మూరకు కాస్త ఎక్కువ పొడవు, 37 చిన్న మీటలు, ఎడమ పక్కన బేస్ కోసం, అంటే మంద్ర స్వరాల కోసం, మరో 15 పొట్టి మీటలు. పేరు ఎమ్‌టీ-40. మనకు అప్పట్లో ఆ పేరుతో పనే లేదు. ఏ కీబోర్డు అయినా క్యాసియోనే కదా. ఎడమ వైపు మీటల మీద నీవు అతికించిన తెల్ల ప్లాస్టరు ముక్కలు అలాగే ఉన్నాయి బావా. ‘స’ సగం ఊడింది, ‘గ’ పూర్తిగా పోయింది, ‘రి’ మాత్రం నీ గుండ్రటి దస్తూరీతో, గోధుమ రంగుకు తిరిగిన సిరాతో చెక్కుచెదరకుండా ఉంది. ఆ ‘రి’ని గుర్తుపెట్టుకో. దానితో పని ఉంది.

బ్యాటరీలు కారిపోయి లోపలి రేకులు పచ్చగా తుప్పు పట్టాయి. నిమ్మరసం పెట్టి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, కొత్త బ్యాటరీలు వేస్తే కొంచెం గరగరలాడి పలికింది. ఇక ఆగగలనా? రిథమ్ పట్టీని ‘రాక్’ దగ్గరకు జరిపి, మీట తాకగానే దరువు మొదలయ్యేలా చేసే సింక్రో బొత్తాం నొక్కి, నీ ‘రి’ మీద వేలు పెట్టాను. చవితి పందిట్లో మోగిన అదే దరువు, అదే బేస్, ఊగుతూ, కాస్త పొగరుగా, వీధి చివర నుంచి ఎవరో చేతులూపుకుంటూ నడిచి వస్తున్నట్టు వచ్చేసింది.

ఆ సమయంలో పక్క గదిలో మా అక్క కొడుకు ఉన్నాడు. హైదరాబాద్‌లో చిన్న సినిమాలకు శబ్దం కూర్చే పనిలో ఉన్నాడని నీకు రాశాను కదా, వాడే. అన్నం చేయి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకు వచ్చి, “మామయ్యా, స్లెంగ్ టెంగ్! ఇది స్లెంగ్ టెంగ్!” అని కేకలు పెట్టాడు. వాడికి ఏదో పురుగు కుట్టిందనుకున్నాను. వాడు ఎడమ చేత్తో ఫోను తీసి ఒక పాట పెట్టాడు. జమైకా దేశపు గాయకుడు వేన్ స్మిత్ 1985లో పాడిన ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’ అనే పాట. వెనుక మోగుతున్నది మన క్యాసియో! పోలిక కాదు బావా, అదే. కాకపోతే నడక కొంచెం నిదానం. నేను టెంపో తగ్గించుకుంటూ వచ్చాను. ఒక చోట ఫోనులోని దరువూ నా ఒళ్లోని దరువూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. రెండూ కలిసి ఒకే వాయిద్యంలా మోగిన ఆ పది సెకన్లు మేమిద్దరమూ ఊపిరి తీసుకున్నామో లేదో నాకు తెలియదు. అక్క వచ్చి, ఎంగిలి చేత్తో ఫోను ముట్టుకున్నందుకు వాడిని, ఈ వయసులో నేలమీద బొమ్మతో కూర్చున్నందుకు నన్ను తిట్టింది.

ఇప్పుడు నీకు 1988 చవితి గుర్తు చేయక తప్పదు. నీవు ఫిడేలు మీద హంసధ్వని ఎత్తుకున్నావు. నేను వెనుక నుంచి ఇదే రాక్ బొత్తాం నొక్కాను. నీవు కమాను దించి, ఫిడేలు పెట్టెలో పెట్టుకుని, మెట్లు దిగుతూ మైకు దగ్గరే, “వాయిస్తున్నది నీవు కాదు, ఆ బొత్తాం. బటన్ భాగవతార్!” అన్నావు. ఆ పేరు ఇంటర్ అయ్యేదాకా నన్ను వదలలేదు. నీ పెళ్లి పందిట్లో కూడా, శుభలేఖ మీద కూడా... ఆ సంగతి ఇక్కడ వద్దు, మా ఆవిడ చదువుతుంది. కానీ ఇప్పుడు విను, నీవు ఈసడించిన ఆ బొత్తాం ఒక దేశపు సంగీతాన్ని తిప్పేసింది.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో నోయెల్ డేవీ అనే కుర్రాడి దగ్గర ఇలాంటి ఎమ్‌టీ-40 ఉండేది. అతనూ వేన్ స్మిత్ కలిసి మీటలు నొక్కుతూ ఉండగా ఈ దరువు బయటపడింది. దానిని కింగ్ జామీ అనే నిర్మాత దగ్గరకు తీసుకుపోయారు. రెగే అనే అక్కడి సంగీతపు నడకకు అది మరీ వేగంగా ఉందని ఆయన నిదానం చేసి, పియానో, చప్పట్లు చేర్చాడు. 1985 ఫిబ్రవరి 23న వాల్తమ్ పార్క్ రోడ్డులో పెద్ద పెద్ద స్పీకర్ల బృందాల పోటీ జరిగింది. మన ఊళ్లలో రెండు మేళాలను ఎదురెదురుగా నిలబెట్టి పంతాలకు వాయింపజేసినట్టుగా అక్కడ ఒక వైపు జామీ బృందం, ఒక వైపు బ్లాక్ స్కార్పియో అనే బృందం. జామీ ఈ దరువు వదిలాడు. ఆ రాత్రి తర్వాత రెగేలో బేస్ గిటారు, డ్రమ్ములు వాయించే మనుషులు లేకుండానే పాటలు రావడం ఎక్కువైంది. పొట్టకూటికి వాయించుకునే ఆ వాయిద్యగాళ్ల సంగతి తలచుకుంటే నాకు కొంచెం మనసు చివుక్కుమంది, ఎందుకంటే మన ఊరి బ్యాండు మేళం వాళ్లను కీబోర్డు ఏం చేసిందో మనం కళ్లారా చూశాము.

అక్కడి పద్ధతి నీకు నచ్చుతుంది. ఒక దరువు బాగుందంటే దాని మీద ఎవరికి వారు తమ పాట కట్టుకుంటారు. మనకు ఒకే వరస మీద ఊరూరా వేరువేరు పాటలు ఉన్నట్టే. దానిని వాళ్లు రిడిమ్ అంటారు. ఈ ఒక్క రిడిమ్ మీద 400 పైచిలుకు పాటలు వచ్చాయట. నీ ‘రి’ మీట మీద నాలుగు వందల పాటలు బావా!

మా వాడు ఆ రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. కర్మాగారంలో నింపి పంపిన ధ్వనులను ప్రీసెట్లు అంటారట. వాటి మీద నడిచిన ప్రసిద్ధమైన పాటలు ఒకటి రెండు కావట. మైఖేల్ జాక్సన్ 1982 నాటి ‘బీట్ ఇట్’ మొదట్లో గంటలు మోగినట్టు వచ్చే బరువైన స్వరాలు ఉన్నాయి కదా, అవి సింక్లావియర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం అమ్మకానికి అంతకు ముందే చేసిన నమూనా రికార్డులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నేను నమ్మలేదు. వినిపించాడు. నోరు మూసుకున్నాను.

ఇక డీఎక్స్7 అనే కీబోర్డు సంగతి నీకు కొంత తెలుసు. ఆర్కెస్ట్రాలో ఆ ముదురు రంగు పెట్టెను నీవే నాకు దూరం నుంచి చూపించి, దాని ధరతో ఎకరం మెట్ట కొనవచ్చునని అన్నావు. ఒక తరంగంతో ఇంకొక తరంగపు పౌనఃపున్యాన్ని వేగంగా ఊపితే గంటలా, గాజులా, పియానోలా పలికే ధ్వనులు పుడతాయని అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టాడు. ఆ పద్ధతి వాడుకునే హక్కు తీసుకుని యమహా వారు 1983లో డీఎక్స్7 తెచ్చారు. అయితే అందులో తిప్పడానికి గుండీలు లేవు, దాదాపు అన్నీ చదునైన బొత్తాములే. ఆరు ఆపరేటర్లను, అంటే తరంగాలు పుట్టించే భాగాలను, 32 అమరికలలో ఎలా కలపాలో తలకెక్కించుకునే ఓపిక ఎందరికి ఉంటుంది? అందుకని డేవ్ బ్రిస్టో, గ్యారీ లోయెన్‌బర్గర్ వంటి వాళ్లు ముందే తయారుచేసి ఇచ్చిన ధ్వనులనే లోకమంతా వాయించింది. వాటిలో ‘ఈ పియానో 1’ అనేది విట్నీ హూస్టన్ పాట దగ్గర నుంచి ఆ దశాబ్దపు ప్రేమ పాటలన్నింటిలోకీ నీళ్లలా పాకింది. నిజం చెప్పాలంటే ఆ ధ్వని నాకు ఇప్పుడు వెగటు. వినగానే పెళ్లి వీడియో క్యాసెట్టులో గుండె ఆకారం లోపల తిరిగే వధూవరులు కళ్ల ముందుకు వస్తారు. దానితో పోలిస్తే కోర్గ్ ఎమ్1 అనే కీబోర్డులోని ‘ఆర్గన్ 2’ నయం. 1993లో మారుమోగిన రాబిన్ ఎస్ పాట ‘షో మీ లవ్’లో అది తలుపు మీద దబదబ బాదినట్టు ఉంటుంది, కాళ్లు వాటంతట అవే కదులుతాయి.

ఇంతవరకు చదివి, “అయితే గెలిచావు, ఇక ఆపు” అని నీవు అనుకుంటూ ఉంటావు. నేనూ గెలిచాననే అనుకున్నాను. మరునాడు ఉదయం దాకా.

ఉదయం కాఫీ తాగుతూ మా వాడిని, “ఇంతకూ ఆ దరువు బొత్తాములోకి ఎలా వచ్చింది?” అని అడిగాను. యంత్రం దానంతట అదే కొట్టుకుంటుందని నేను ఇన్నేళ్లూ అనుకున్నానేమో, ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. వాడు వెతికి చదివి వినిపించాడు. దానిని కట్టినది ఒక ఆడపిల్ల బావా. పేరు ఒకుదా హిరోకో. కునితాచి సంగీత కళాశాలలో చదివి, 1980లో క్యాసియోలో చేరింది. ఆమె చేయి పడిన మొదటి వాద్యమే ఈ ఎమ్‌టీ-40, మరుసటి సంవత్సరం బజారుకు వచ్చింది. కళాశాలలో ఆమె పరిశోధన వ్యాసం దేని మీదో ఊహించు. రెగే మీద! జపానులో కూర్చుని జమైకా సంగీతాన్ని ప్రాణంగా విన్న అమ్మాయి, ‘రాక్’ అని పేరు పెట్టి ఒక దరువు కడితే, అది సముద్రాలు దాటి తిన్నగా జమైకాకే పోయి చేరింది. దానికి ప్రేరణ ఫలానా పాట, ఫలానా పాట అని జనం ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 70ల నాటి ఒక బ్రిటిష్ రాక్ ఆల్బమ్ మనసులో ఉందని ఆమె ఒప్పుకుంది కానీ, దాని పేరు మాత్రం బయటపెట్టలేదు. ఆ మొండితనం నాకు ఎంతగా నచ్చిందో చెప్పలేను.

అప్పటి నుంచి నేను ఆ బొత్తాము నొక్కినప్పుడల్లా అందులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి కూర్చుని ఉన్నట్టే అనిపిస్తోంది. బల్ల మీద వేళ్లతో దరువు కొట్టుకుంటూ, బేస్ ఎక్కడ ఆగాలో, డ్రమ్ము ఎక్కడ పడాలో, ఆ చిన్న పెట్టెలో ఎంత పడుతుందో లెక్క చూసుకుంటూ. హంసధ్వని వెనుక అది పడినందుకు ఆవిడకు కూడా బాధ కలిగి ఉండేదేమో! “వాయిస్తున్నది నీవు కాదు” అని నీవు అన్నావు చూడు, అక్కడికి నీ మాట నిజమే. ఆ పందిట్లో మనతో పాటు మూడో మనిషి ఉంది, మనం ఆమెకు కొబ్బరి ముక్క కూడా పెట్టలేదు. ‘బటన్ భాగవతార్’ బిరుదును నేను వాపసు చేస్తున్నాను, దానికి తగిన వాళ్లు దొరికారు. నీ మాటలో మిగతా సగం మాత్రం నేను ఒప్పుకోను. బొత్తాము ఎప్పుడు నొక్కాలి, ఎంత నిదానం చేయాలి అన్నది కింగ్‌స్టన్‌లో జామీ తేల్చినదే కదా. అది వాయించడం కాదా? నాకు తెలిసి హంసధ్వనికి కూడా ఆ నిదానపు నడక సరిపోతుంది, నేను నిన్న రాత్రి టెంపో సగానికి తగ్గించి నోటితో పాడుకుంటూ చూశాను, రెండో ఆవృత్తంలో ఎక్కడో

ఆటో వచ్చేసింది. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు పోతున్న మా బావమరిది చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను, అక్కడి నుంచి నీకు పంపిస్తాడు. క్యాసియోను దుప్పట్లో చుట్టి పక్కన పెట్టాను, ముడులు మాత్రం మామయ్య వేసినట్టు నాకు రాలేదు. చవితికి నీవు ఫిడేలు తీసుకుని రావాలి. ‘గ’ ప్లాస్టరు ఊడిపోయిందని చెప్పాను కదా, పెన్ను కూడా తెచ్చుకో.

నీ,
మాజీ భాగవతార్