వాళ్ల బాయి, మన బాయి

బిడ్డా,

నువ్వు పెన్‌డ్రైవ్‌లో వేసి పంపిన ఇంగ్లిష్ బొగ్గు బాయి సీరియల్ 'ది స్టార్స్ లుక్ డౌన్' పదకొండు భాగాలు చూశాను. ఇంకా రెండున్నాయి. మొదట్లో ఆ యాస ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మీ అమ్మ పక్కన కూర్చుని "ఏమంటున్నాడు?" అని అడుగుతుంది, నాకు తెలిస్తే కదా చెప్పడానికి! మూడో భాగానికి చెవి అలవాటు పడింది. ఇంగ్లండ్‌లో నువ్వుండే న్యూకాసిల్ దిక్కు బాయిలోకి, అంటే గనిలోకి, తీసుకుపోయే సద్దిని 'బెయిట్' అంటారని నువ్వు చెప్పావు చూడు, ఆ మాట మీ అమ్మకు బాగా నచ్చింది. ఇప్పుడు నేను పొద్దున వాకింగ్‌కు బయల్దేరితే "బెయిట్ కట్టనా?" అంటోంది.

మొన్న ఫోన్‌లో "బాపూ, అందులో చూపించింది నిజమేనా, మీ బాయి కూడా అట్లనే ఉండేదా?" అని అడిగావు. "ఏ, అది టీవీ వాళ్లు తీసింది" అని దాటేశాను. అది సరైన జవాబు కాదు. ఫోన్‌లో నోరు రాక ఇలా రాస్తున్నా.

ముందు సీరియల్ సంగతి. 1975లో తీసిందయినా పాతబడలేదు. 'ది స్టార్స్ లుక్ డౌన్' నవల రాసిన క్రోనిన్ డాక్టర్. వేల్స్‌లో బొగ్గు ఊళ్లో ప్రాక్టీస్ చేశాడు, 1924లో గనుల మెడికల్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో కళ్లారా చూసి, ఆ తర్వాత 1935లో ఈ నవల రాశాడు. కథలోని బాయి కార్మికుడు రాబర్ట్ ఫెన్విక్ దగ్గితే నాకు మీ తాత దగ్గినట్టే అనిపించింది. ఆ దగ్గు రాసేవాడు ఊహించి రాసేది కాదు. టీవీకి రాసిన అలన్ ప్లేటర్ పుట్టింది నీకు దగ్గర్లోని జారోలోనే. జో గౌలన్ వేషం వేసిన అలన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అయితే బాయి కార్మికుడి కొడుకే. జో లాంటి వాడు మన కాలనీలోనూ ఉండేవాడు, పేరు రాయనులే. నవ్వుతూ భుజం మీద చెయ్యేస్తాడు, ఆ చేత్తోనే జేబు చూసుకుంటాడు.

ఇక అసలు సంగతి నీళ్లు. 'స్కప్పర్ ఫ్లాట్స్' అనే చోట బొగ్గు తీస్తే పక్కనున్న పాత పనుల్లో, అంటే ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన చోట్ల, నిలిచిన నీళ్లు మీద పడతాయని రాబర్ట్ ముందు నుంచీ చెబుతాడు. సమ్మె చేయిస్తాడు, జైలుకు పోతాడు. ఎవరూ వినరు. యజమాని బారస్‌కు కాంట్రాక్టే ముఖ్యం. పాత పనులు ఎక్కడిదాకా వచ్చాయో చూపించే ప్లాన్ అతని దగ్గరే ఉన్నా బయటపెట్టడు. చివరికి నీళ్లు రానే వచ్చాయి. ఆ భాగం చూస్తుంటే మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. టీ పెట్టింది కానీ తీసుకురాలేదు.

మాకు ట్రైనింగ్‌లో చాస్‌నాలా గని ప్రమాదం గురించి చెప్పేవారు. ధన్‌బాద్ దగ్గర, 1975 డిసెంబర్ 27న పాత పనుల నీళ్లు పడి 370 మందికి పైగా పోయారు. ఈ సీరియల్ ఆఖరి భాగం ఇంగ్లండ్ టీవీలో వచ్చిన నెలకే! నీళ్లు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపలికి పర్మిషన్ లేకుండా పోకూడదని మన రూల్. పర్మిషన్ వచ్చినా ముందున్న బొగ్గులోకి బోర్ వేసి, నీళ్లున్నాయేమో చూసుకుంటూ పోవాలి. ఆ బోర్ వేసే గ్యాంగ్‌లో నేను నాలుగేళ్లు చేశాను. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు ఏడో తరగతి. సెకండ్ షిఫ్ట్. రాడ్ లాగుతుంటే చేతికి తడి తగిలింది. తర్వాత కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఏళ్ల తరబడి కదలకుండా నిలిచిన నీళ్లకు ఆ వాసన ఉంటుంది. రాడ్ బయటికి రాగానే వేలు మందాన ధార నా ఛాతీ మీద కొట్టింది. కట్టె బిరడా పక్కనే పెట్టుకునే ఉంటాం. ఇద్దరం దాన్ని పట్టుకుంటే మూడోవాడు సుత్తితో కొట్టాడు. రెండు దెబ్బలు జారిపోయాయి, మూడోది దిగింది. నిమిషం కూడా పట్టలేదేమో. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మా పని చూసే సర్దార్ వచ్చి చూసి, చాక్‌పీస్‌తో గోడ మీద తేదీ వేసి, అందరినీ వెనక్కి రమ్మన్నాడు.

ఆ రాత్రి మిర్చి బజ్జీలు తెచ్చాను, గుర్తుందా? నిద్రలో లేపి తినిపించాను. "పండగా బాపూ?" అన్నావు. అవునన్నాను.

ఇంకో మాట. సీరియల్లో నన్ను ఆశ్చర్యపరిచింది రాబర్ట్ భార్య, డేవిడ్ తల్లి మార్తా. తండ్రి కొడుకును చదివించాలంటాడు, తల్లేమో ఫెన్విక్‌లు ఎప్పుడూ బాయి మనుషులే, వీడూ బాయికే పోవాలంటుంది. అచ్చం మీ నాయనమ్మ! నా ఉద్యోగం మీ అన్నకు ఇప్పించమని ఎంత పోరిందో. బాయి ఉద్యోగమంటే క్వార్టర్, దవాఖాన, పిల్లనిచ్చేవాళ్లు, అన్నీ వస్తాయని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని నేను ఇప్పటికీ అనలేను. కానీ ఒప్పుకోలేదు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టేది, కంచం కాస్త గట్టిగా పెట్టి.

డేవిడ్ పార్లమెంటుకు వెళ్లి, గనులను ప్రభుత్వం తీసుకోవాలని కొట్లాడి, ఎన్నికల్లో జో చేతిలోనే ఓడి, చివరికి మళ్లీ బాయి దిగుతాడని నువ్వు ముందే చెప్పేశావు. అలా చెప్పకూడదమ్మా! అక్కడ గనులు ప్రభుత్వం చేతికి వచ్చింది 1947 జనవరి 1న, పుస్తకం వచ్చిన పన్నెండేళ్లకు. ఆ ఆఖరి రెండు భాగాలు చూడబుద్ధి కాక వాయిదా వేస్తున్నాను.

నీకు సెలవు దొరికితే సీహామ్ వెళ్లు, న్యూకాసిల్ నుంచి రైలుందట. 1880 సెప్టెంబర్‌లో అక్కడి గనిలో పేలుడు జరిగి 160 మందికి పైగా చనిపోయారు. లోపల చిక్కుకున్న మైఖేల్ స్మిత్ అనే కార్మికుడు తన నీళ్ల సీసా రేకు మీద భార్యకు ఉత్తరం గీకాడు. పొద్దున ఏడింటికి నలభై మంది ఉన్నామని, కొందరు పాటలు పాడుతున్నారని, తన మనసంతా జబ్బుతో ఉన్న చిన్న కొడుకు మీదే ఉందని. ఆ పిల్లాడు కూడా ఆ రోజే పోయాడట. చదివినప్పటి నుంచి ఆ రేకు నా తలలోంచి పోవడం లేదు. నా దగ్గర ఆ రోజు చాక్‌పీస్ కూడా లేదు, సర్దార్ జేబులో ఉండింది.

అక్కడి ఒడ్డున పాత గాజు ఫ్యాక్టరీ ముక్కలు, సముద్రం అరగదీసినవి, రంగురంగులవి దొరుకుతాయట. అమ్మకు నాలుగు ఏరుకురా. ఆకుపచ్చవైతే మంచిది అంటోంది.

నీ బాపు