మెటల్ పాటలో సాతాను పాలెంత, సరుకు పాలెంత?

సంపాదకులకు నమస్కారం.

హెవీ మెటల్ సంగీతం (గిటార్ మోత బరువుగా ఉండే పాశ్చాత్య రాక్) గురించి మన పత్రికల్లో, చానళ్లలో వార్త రావడమే అరుదు. వస్తే మాత్రం ‘సాతాను సంగీతం’, ‘క్షుద్రపూజలు’ అన్న మాటలు పడకుండా ఉండవు. 2025 జులై 22న బ్లాక్ సబ్బత్ బృందం గాయకుడు ఆజీ ఆస్బర్న్ కన్నుమూసినప్పుడు కూడా ఆ పాత ముద్ర ఆయన్ని వదల్లేదు. పాశ్చాత్య గుహ్యవిద్యకూ (‘అకల్ట్’ అనే మంత్రతంత్ర, రహస్యజ్ఞాన సంప్రదాయాలకూ) ఈ సంగీతానికీ సంబంధమే లేదని బుకాయించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. అందులో చదువుకున్నదెంత, అమ్ముకోవడానికి తగిలించినదెంత, నిజంగా నమ్మినదెంత అన్నది విడదీయకుండా రాయడంతోనే పేచీ. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలున్న రాష్ట్రాలు మనవి. ఇక్కడ ‘క్షుద్ర’ అన్న మాట అచ్చులో పడితే దాని బరువు వేరు.

బ్లాక్ సబ్బత్ సంగతే తీసుకుందాం. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ కార్మికవాడ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు. మొదట ‘ఎర్త్’ పేరుతో బ్లూస్ వాయించేవారు. 1969లో పేరు మార్చుకున్నారు. కొత్త పేరు ఏ మంత్రగ్రంథంలోదీ కాదు, ఇటలీ దర్శకుడు మారియో బావా 1963లో తీసిన దెయ్యాల సినిమాది. జనం డబ్బులిచ్చి మరీ భయపడటానికి వెళ్తున్నప్పుడు భయపెట్టే పాట ఎందుకు కట్టకూడదన్నదే వాళ్ల ఆలోచన.

ఆ పేరుతోనే ఉన్న వాళ్ల పాటలో ఆరంభపు వరస మూడు స్వరాలే. జి, పై స్థాయి జి, ఆ తర్వాత సి షార్ప్. జి ని షడ్జమం అనుకుంటే ఇది సా, తారషడ్జమం, ప్రతిమధ్యమం. పాశ్చాత్యులు ‘సంగీతంలో దెయ్యం’ అని పేరు పెట్టిన అంతరం ఇదే. కీబోర్డు ఉంటే సరిచూసుకోవచ్చు: ఏ మెట్టు మీదైనా మొదలుపెట్టి, దాన్ని వదిలేసి ఆ పై మెట్టును ఒకటిగా, నలుపూ తెలుపూ కలిపి లెక్కపెడుతూ పైకి ఆరో మెట్టు నొక్కండి. మధ్యయుగాల్లో చర్చి ఈ అంతరాన్ని నిషేధించిందని తరచూ రాస్తుంటారు. అలాంటి నిషేధానికి ఆధారం లేదు. పాత సిద్ధాంతకారులు పాడటం కష్టమని దాన్ని తప్పించమన్నారు, అంతే. ‘దెయ్యం’ అన్న పేరు పుస్తకాల్లో కనిపించేది 18వ శతాబ్దం మొదట్లో. మన 72 మేళకర్తల్లో 37 నుంచి చివరిదాకా అన్నీ ప్రతిమధ్యమ రాగాలే. కళ్యాణి వింటూ ఎవరూ జడుసుకోరు కదా. కళ్యాణిలో ఆ మధ్యమం పంచమాన్ని ఆనుకుని ఉంటుంది. బ్లాక్ సబ్బత్ పాటలో అది పంచమంలో కుదురుకోదు. నత్తనడక లయలో, ఆంప్లిఫయర్ గరగరలో, ఆ మధ్యమం మీదే నిలిచి వణుకుతుంది. భయం పుట్టేది అక్కడ. ముందు వినిపించే వాన, ఉరుము, చర్చి గంట రికార్డింగ్ అయ్యాక అతికించిన శబ్దాలు. పాటలోని మనిషి వేడుకునేది దేవుణ్ని, సాతానును కాదు.

వాళ్ల గిటార్ బరువైన మోతకు కారణం కూడా గుహ్యవిద్యలో లేదు, రేకుల ఫ్యాక్టరీలో ఉంది. గిటారిస్టు టోనీ అయోమీకి పదిహేడేళ్లప్పుడు అక్కడి యంత్రంలో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. మామూలు తీగలు నొక్కలేక సన్నవి వేసుకున్నాడు. 1971 నాటి మూడో ఆల్బమ్‌లో శ్రుతిని మూడు మెట్లు దించేశాడు. బిగువు తగ్గితే వేలికి నొప్పి తగ్గుతుంది, మోత లోతుగా వస్తుంది. మొదటి ఆల్బమ్ నుంచే శ్రుతి దించారని కొందరు రాస్తారు, అది పొరపాటు. మొదటి ఆల్బమ్ మామూలు శ్రుతిలోనే ఉంది.

ఆ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు విడుదలైంది. పాశ్చాత్యులకు 13వ తేదీ శుక్రవారం పడితే అపశకునం. అట్ట విప్పితే లోపల తలకిందుల శిలువ ఉంటుంది. దాన్ని వేసింది బృందం కాదు, రికార్డు కంపెనీ. వీళ్లను ఒక మాటైనా అడగలేదు. నలుగురూ మెడలో వేసుకున్నవి మామూలు శిలువలు, ఆజీ తండ్రి స్వయంగా చేసి ఇచ్చినవి. వాళ్లలో గుహ్యవిద్య పుస్తకాలు నిజంగా చదివినవాడు బాస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ ఒక్కడే. కాథలిక్ ఇంట్లో పెరిగాడు. పాటలు ఎక్కువగా రాసింది అతనే. మూడో ఆల్బమ్‌లో దేవుణ్ని నమ్మమని బాహాటంగా చెప్పే పాట ఒకటి రాశాడు. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

చదువు పాలు ఎక్కువగా ఉన్నది ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్‌లో. ఇంగ్లండ్‌కు చెందిన గుహ్యవిద్య రచయిత అలిస్టర్ క్రౌలీ (1875–1947) పుస్తకాలు, రాతప్రతులు సేకరించాడు. స్కాట్లాండ్‌లో లాక్ నెస్ ఒడ్డున క్రౌలీ ఒకప్పుడు కాపురమున్న బోలెస్కిన్ ఇల్లు కొన్నాడు. లండన్‌లో గుహ్యవిద్య పుస్తకాల దుకాణం నడిపాడు. 1970 నాటి లెడ్ జెపెలిన్ మూడో ఆల్బమ్ తొలి ప్రతుల్లో, పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ వలయంలో, క్రౌలీ సూత్రం గీకి ఉంటుంది. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటేగానీ కనబడదు. ‘నీ సంకల్పం ప్రకారం చెయ్యి’ అని దాని సారం. ఇష్టమొచ్చినట్టు తిరగమని కాదు, తన అసలు సంకల్పం ఏమిటో తెలుసుకుని దానికి కట్టుబడమని క్రౌలీ భాష్యం. క్రౌలీ సద్గుణాల పుట్ట అని దీనర్థం కాదు. శిష్యుల పట్ల అతని ప్రవర్తన చాలాచోట్ల అసహ్యంగానే ఉంటుంది.

ఈ గుహ్యవిద్య మనకు పరాయిది అనుకోవడమూ పొరపాటే. క్రౌలీ పుట్టిన 1875లోనే న్యూయార్క్‌లో మొదలైన దివ్యజ్ఞాన సమాజం ఏడేళ్లకే మద్రాసు అడయారు చేరింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలబెట్టాలని చూసింది ఆ సమాజం పెద్దలే. ఆయన 1929లో తనకోసం వాళ్లు పెట్టిన ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ సంఘాన్నే రద్దు చేసి బయటికొచ్చాడు. క్రౌలీ యోగాభ్యాసం చేసింది సింహళంలో. బీటిల్స్ 1967 ఆల్బమ్ అట్ట మీద పై వరసలో ఎడమ చివర మన యోగి యుక్తేశ్వర్ గిరి, ఆయన పక్కనే క్రౌలీ. ఆ ఇద్దరినీ పక్కపక్కన చూసిన మన పాఠకుడు మొదటాయనకు దణ్ణం పెట్టి, రెండో అతన్ని చూసి ఉలిక్కిపడతాడు.

చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తే కొమ్ముల సైగను ఈ సంగీతానికి అలవాటు చేసింది ఆజీ తర్వాత బ్లాక్ సబ్బత్‌లో పాడిన రానీ జేమ్స్ డియో. దిష్టి తగలకుండా ఇటలీ మూలాలున్న వాళ్ల అవ్వ పెట్టే సైగ అది. అంతకుముందు 1969లోనే కోవెన్ అనే అమెరికన్ బృందం ఆల్బమ్ మీద వాడింది, ఆ ఆల్బమ్ ఇతివృత్తం మాత్రం మంత్రగత్తెలే.

ఇక నార్వే. అభిమానులు సాధారణంగా మాట మార్చేది ఇక్కడే. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ బృందం వెనమ్ 1982లో ‘బ్లాక్ మెటల్’ అని ఆల్బమ్ వేసింది. వాళ్లకు సాతాను రంగస్థలం మీది వేషమే. నార్వే కుర్రాళ్లు కొందరు ఆ వేషాన్ని నిజమని పట్టుకున్నారు. 1992 జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్‌లోని పురాతన కొయ్య చర్చి తగలబడింది, ఆ వరసలో మరిన్ని కాలాయి. 1993 ఆగస్టులో మేహెమ్ అనే నార్వే బృందం గిటారిస్టును సాటి సంగీతకారుడు వర్గ్ వికర్నెస్ పొడిచి చంపాడు. చర్చిల దహనాలు, హత్య కలిపి 21 ఏళ్ల శిక్ష పడింది. అది నేరం, పాటలు వాయించినంత మాత్రాన మాసిపోదు. అయితే అక్కడ శిక్ష పడింది చేసిన పనికి, వేసుకున్న చొక్కాకు కాదు.

చొక్కాకే శిక్ష పడితే ఏమవుతుందో అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం చూపించింది. 1993లో వెస్ట్ మెంఫిస్‌లో ఎనిమిదేళ్ల పిల్లలు ముగ్గురు హత్యకు గురయ్యారు. ముగ్గురు కుర్రాళ్లను పట్టుకున్నారు. వాళ్లకు వ్యతిరేకంగా భౌతిక ఆధారాలు అంతంతమాత్రం. ఆ లోటు పూడ్చడానికి డేమియన్ ఎకల్స్ నల్లబట్టలు, అతను చదివిన పుస్తకాలు, మెటాలికా అనే మెటల్ బృందం మీద ఇష్టం కోర్టులో పరిచారు. గుహ్యవిద్య నిపుణుడంటూ బోనెక్కిన వ్యక్తి డాక్టరేటు తరగతి గది మొహం చూడకుండా పోస్టులో తెచ్చుకున్నది. ఎకల్స్‌కు మరణశిక్ష, మిగతా ఇద్దరికీ యావజ్జీవం పడ్డాయి. తర్వాత జరిగిన డీఎన్ఏ పరీక్షల్లో ముగ్గురిలో ఎవరిదీ సరిపోలలేదు. 2011 ఆగస్టు 19న బయటికొచ్చారు, అదీ నిర్దోషులమని చెబుతూనే కాగితం మీద నేరాంగీకారం ఇస్తే. పద్దెనిమిదేళ్లు పోయాయి.

పాటను వెనక్కి తిప్పితే సాతాను సందేశం వస్తుందన్న ప్రచారాన్ని ఎవరికి వారే పరీక్షించుకోవచ్చు. 1982లో కాలిఫోర్నియా శాసనసభ కమిటీ కూడా లెడ్ జెపెలిన్ పాటను తిప్పి విన్నది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి, పది సెకన్ల ముక్క ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలో రివర్స్ నొక్కండి. ముందేమీ చెప్పకుండా నలుగురికి వేర్వేరుగా వినిపించి, వినబడింది కాగితం మీద రాయమనండి. నాలుగు కాగితాల్లో నాలుగు రకాలు వస్తాయి, లేదా ఖాళీగా వస్తాయి. తర్వాత ‘ఇందులో ఫలానా మాట ఉంది’ అని చెప్పి మళ్లీ వినిపిస్తే చాలామందికి అదే మాట వినబడుతుంది. చాలామంది చేసే తప్పు ముందే మాట చెప్పేయడం. తిరగేసినప్పుడు అచ్చులు ఇంచుమించు అలాగే ఉంటాయి, హల్లులు చెదిరిపోతాయి. ఆ ఖాళీని చెవి తనకు చెప్పిన మాటతో నింపుకుంటుంది. వోకీ, రీడ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1985లోనే దీన్ని ప్రయోగంతో చూపించారు.

కనుక మీ విలేకరులకు, డెస్కులో కూర్చునేవారికి ఒక మనవి. ‘సాతాను గుర్తు’ అని రాసేముందు అది ఏ గుర్తో పేరుతో రాయండి. తలకిందుల శిలువైతే అది సెయింట్ పీటర్ శిలువ కూడా, పోప్ కూర్చునే కుర్చీ మీదా కనిపించింది. 666 అయితే బైబిల్లోని ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం 18వ వచనంలోది. నక్షత్రంలో మేకతల అయితే 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన చర్చ్ ఆఫ్ సైటన్ (సాతాను చర్చి) చిహ్నం కావచ్చు, ఫుట్‌పాత్ మీద అమ్మే చొక్కా బొమ్మా కావచ్చు. అట్ట మీద బొమ్మ ఎవరు వేశారో వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది, చూడండి. పోలీసుల జప్తు జాబితాలో పోస్టర్లు, నల్ల చొక్కాలు, రికార్డులు కనిపిస్తే వాటికీ నేరానికీ లంకె ఏమిటని దర్యాప్తు అధికారిని అడిగి, ఆయన చెప్పిన జవాబే వేయండి. జవాబు రాకపోతే ఆ వస్తువుల ప్రస్తావన వార్తలో అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్