జులై 10న యశ్వంత్ ఘాడ్గే గురించి రాయండి

ఎడిటర్ గారికి,

22 ఏళ్లంటే ఇప్పుడు మన పిల్లలు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరిగే వయసు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జులై 10న ఇటలీలో, టైబర్ నది ఎగువ లోయలో చనిపోయేనాటికి నాయక్ యశ్వంత్ ఘాడ్గే వయసూ అంతే. కొంకణ్‌లోని ఓ పల్లెటూరి కుర్రాడు, మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీలో ఒక సెక్షన్‌కి, అంటే ఓ చిన్న దళానికి, కమాండర్.

ఆ రోజు అతని సెక్షన్ మీద బాగా దగ్గర నుంచి మెషిన్‌గన్ పేలింది. అతను తప్ప అందరూ చనిపోయారు, లేదా గాయపడి పడిపోయారు. అతనొక్కడే ఆ గన్ మీదికి పరిగెత్తి, గ్రెనేడ్ విసిరి గన్నునీ దాన్ని పేలుస్తున్నవాడినీ పడగొట్టాడు, టామీగన్‌తో ఇంకొకడిని కాల్చాడు, మ్యాగజైన్ మార్చే టైమ్ లేక ఆ తుపాకీనే గొట్టం దగ్గర పట్టుకుని మిగిలిన ఇద్దరినీ కొట్టి చంపాడు. ఈలోపు స్నైపర్ల తూటాలు ఛాతీలోనూ వీపులోనూ దిగాయి. ఒంటరిగా గెలిచిన ఆ స్థావరంలోనే ప్రాణం పోయింది. తర్వాత బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. మ్యాగజైన్ మార్చే టైమ్ కూడా లేదన్న దగ్గర నాకు ప్రతిసారీ చదవడం ఆగిపోతుంది.

సమాధి ఎక్కడుందో తెలియదు. ఇటలీలోని కాసినో స్మారకం మీద, అతనిలాగే సమాధి తెలియని 4,000 మందికి పైగా సైనికుల పేర్లలో అతని పేరూ ఉంది.

బ్రిటిష్ వాళ్ల యుద్ధం, మనకెందుకు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మన నాయకుల్ని అడగకుండా 1939లో దేశాన్ని యుద్ధంలోకి దింపింది వైస్రాయ్, అందుకు నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా కూడా చేశాయి. ఆ తప్పు తెచ్చి ఈ కుర్రాడి నెత్తిన పెట్టడం ఏం న్యాయం? పైగా ఎదురుగా ఉన్నది హిట్లర్ సైన్యం. ఆ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది మనవాళ్లు సైన్యంలో పనిచేశారు, 87,000 మంది దాకా చనిపోయారు. జీతం కోసమే చేరారనుకున్నా, పోయింది ప్రాణమే కదా.

ఇటలీలో మోంటోనే అనే చిన్న ఊళ్లో 2023లో అతని పేరున సూర్య గడియారం రూపంలో స్మారకం పెట్టారు. అక్కడివాళ్లు తలుచుకుంటున్నారు. మన బడి పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

అందుకే అడుగుతున్నాను, వచ్చే జులై 10న అతని గురించి ఫొటోతో సహా వేయండి, ఏ మూలో నాలుగు లైన్లు కాదు, బాగా కనిపించేలా. దాంతోపాటు ఇంకొకటి. ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు, రెజిమెంట్ కొట్టి వెతికితే ఆ సైనికుడి సమాధి ఎక్కడుందో, ఏ స్మారకం మీద పేరుందో తెలుస్తుంది, కొన్నిసార్లు తండ్రి పేరు, ఊరు కూడా దొరుకుతాయి. మద్రాస్ ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. "ముత్తాత యుద్ధానికెళ్లి మళ్లీ రాలేదు" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ తెలియని కుటుంబాలు ఒకసారి వెతికి చూడాలి. వాళ్లకు దొరికిన వివరాలు మీకు పంపితే ఆ పేజీలోనే అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు