బయోమెటీరియల్స్, టిష్యూ ఇంజినీరింగ్ విద్యార్థి సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, మార్గదర్శకులైన ఆచార్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

హైదరాబాదు, పరిసర ప్రాంతాల కళాశాలల్లో, దేహంలో అమర్చే పదార్థాలను, కణజాలాలను రూపొందించే ఈ రంగంలో చదువుతున్న, పరిశోధన చేస్తున్న విద్యార్థులతో ఏర్పడిన మన సంఘం ఈ ఏడాది ఉపన్యాసాలు తగ్గించి ప్రయోగశాల శిక్షణకే ఎక్కువ సమయం కేటాయించింది. కణాలు అంటుకుని పెరగడానికి ఆధారంగా నిలిచే స్కాఫోల్డ్ గురించి పాఠాల్లో చదివినా, దాన్ని స్వయంగా తయారు చేసే అవకాశం చాలామందికి రావడం లేదని గత సర్వసభ్య సమావేశంలో పలువురు చెప్పిన మీదట ఈ నిర్ణయం జరిగింది.

శిక్షణకు పట్టును ఎంచుకున్నాం. పట్టుగూళ్ల మార్కెట్టుకు పేరుపడిన హిందూపురం మన తెలుగు నేలలోనే ఉంది. పైగా పట్టుదారం శస్త్రచికిత్సల కుట్లలో ఎంతోకాలంగా వాడుకలో ఉన్న పదార్థం. గూళ్లను కత్తిరించి, లోపలి ప్యూపాను తీసేసి, 0.02 మోలార్ సోడియం కార్బొనేట్ ద్రావణంలో 30 నిమిషాలు మరిగిస్తే సెరిసిన్ అనే జిగురు కరిగి, గూడు బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. మిగిలిన పోగులను, అంటే పట్టులోని అసలు ప్రోటీన్ అయిన ఫైబ్రాయిన్‌ను ఆరబెట్టి, 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్‌లో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, రెండు రోజులు డయాలిసిస్ (పలుచని పొర గుండా లిథియం బ్రోమైడ్‌ను నీటిలోకి పోనివ్వడం) చేశాక వచ్చిన ద్రావణంలో ఉప్పు రేణువులు వేశాం. అది గట్టిపడిన తరువాత నీటిలో ఉప్పును కడిగేస్తే, రేణువులున్న చోటల్లా రంధ్రాలు మిగిలి, స్కాఫోల్డ్‌గా పనికొచ్చే స్పాంజి తయారైంది.

ఒక బృందం పోగులను గంటసేపు మరిగించింది. వారి ద్రావణం పలుచగా వచ్చింది, స్పాంజి వేలితో నొక్కగానే విరిగింది. క్షారంలో ఎక్కువసేపు మరిగినకొద్దీ ఫైబ్రాయిన్ గొలుసులు తెగి అణుభారం తగ్గుతుందన్న సంగతి ఆ రెండు స్పాంజిలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అందరికీ అర్థమైంది. శిక్షణ మొత్తంలో అత్యంత విలువైన చర్చ అదేనని కార్యవర్గం భావిస్తోంది. అప్పటినుంచి గూళ్లు ఏ దఫావి, ఎంతసేపు మరిగించారు, ద్రావణం గాఢత ఎంత అన్న వివరాలు రాయనిదే ఏ నమూనానూ తరువాతి బృందానికి ఇవ్వడం లేదు.

నెలవారీ పఠన సమావేశాల్లో రెండు అంశాలు సభ్యులను బాగా ఆకట్టుకున్నాయి. మొదటిది ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కలిసి రూపొందించిన త్రీడీ ప్రింటెడ్ కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర. దాత కార్నియా నుంచి కణాలను తొలగించి, మిగిలిన మాతృకతో (కణాల చుట్టూ ఉండే అల్లికతో), మానవ నేత్ర మూలకణాలతో తయారైన ఈ కార్నియాను కుందేలు కంటికి అమర్చినట్టు 2022లో ప్రకటించారు. రెండోది తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థ రూపొందించిన కృత్రిమ గుండె కవాటం. అంతకుముందు నమూనాలు విఫలమైనా, ప్రతి వైఫల్యానికీ కారణం వెతికి పదార్థాలను మార్చుకుంటూ వెళ్లిన ఆ బృందం 1990 డిసెంబరులో తొలిసారి రోగికి కవాటాన్ని అమర్చగలిగింది. నెలల తరబడి ప్రయోగం ఫలించక దిగులుపడే పరిశోధక విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మరొకటి లేదు.

సభ్యత్వ రుసుములో ఎక్కువ భాగం లిథియం బ్రోమైడుకు, డయాలిసిస్ పొరలకు ఖర్చయింది. లెక్కలను సర్వసభ్య సమావేశంలో కోశాధికారి ప్రవేశపెడతారు. టిష్యూ ఇంజినీరింగ్ రంగపు అంతర్జాతీయ సంస్థ టెర్మిస్ విద్యార్థి, యువ పరిశోధకుల విభాగంలో చేరదలచిన సభ్యులకు దరఖాస్తు విషయంలో కార్యదర్శి సాయం చేస్తారు.

మన స్పాంజిలపై ఇంతవరకు కణాలను పెంచలేదు. కాబట్టి వచ్చే ఏడాది వైద్య పరికరాల జీవ భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993 ఐదో భాగం ప్రకారం కణ విషప్రభావ పరీక్షలో శిక్షణ ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. ఇందులో స్పాంజిని నానబెట్టిన ద్రవంలో పెంచిన కణాల జీవశక్తి, మామూలు కణాలతో పోలిస్తే 70 శాతం కంటే తగ్గితే ఆ పదార్థాన్ని విషపూరితంగా పరిగణిస్తారు. లిథియం బ్రోమైడ్ కణాలకు హాని చేసేంత మిగిలి ఉంటే ఆ సంకేతం కూడా ఇక్కడ కనిపించవచ్చు. కణాల పెంపకానికి వసతి ఉన్న కళాశాలల సభ్యులు తమ విభాగాధిపతుల అనుమతి తీసుకుని సమావేశానికి రావలసిందిగా కోరుతున్నాం. ఆ అనుమతులను బట్టే శిక్షణ తేదీలు ఖరారవుతాయి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున