అమ్మలూ, మీ ఆయన తాగుడు మాన్పించే సెంటర్ నుంచి వచ్చాక

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "ఆయన పూర్తిగా మారిపోయారే అమ్మా, పొద్దున్నే లేచి పాపకి జడ కూడా వేశారు" అన్నావు. నాకూ సంతోషమే. నువ్వు అంత సంబరంగా ఉంటే అడ్డుపడి చెప్పాలనిపించక ఊరుకున్నాను గానీ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, అందుకే వాట్సాప్‌లో ఇంత పొడుగు రాస్తున్నాను. పాప పడుకున్నాక తీరిగ్గా చదువుకో. అల్లుడుగారు చూసినా పర్వాలేదు, ఇందులో దాచాల్సిందేమీ లేదు.

ముందు మొదటి వారం సంగతి. అదంతా సెంటర్‌లోనే జరిగిపోయింది కాబట్టి నువ్వు చూడలేదు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఆరేడు గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పి లేనివి కనపడతాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, అప్పుడు వైద్యం అందకపోతే ప్రాణానికే ముప్పు. నేను ఏఎన్ఎంగా, అదే ప్రభుత్వ నర్సుగా, తిరిగిన ఊళ్లలో గాలి సోకిందని మంత్రం వేయించినవాళ్లున్నారు, నీరసమని వట్టి గ్లూకోజు బాటిల్ ఎక్కించినవాళ్లూ ఉన్నారు. తాగుడు వల్ల ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది, ముందు ఆ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు, చూపు, నడక, జ్ఞాపకం అన్నీ పోతాయి. ఇదంతా నిన్ను భయపెట్టడానికి కాదు. రేపెప్పుడైనా మళ్లీ మొదలైతే గదిలో పెట్టి తాళం వేసి మాన్పించేద్దామని మీ అత్తగారు అంటారేమో, ఒప్పుకోకు. ఆపడం కూడా డాక్టరు చేతుల మీదే జరగాలి.

ఇక ఇప్పటి సంగతి. మందు ఆగింది, అంతవరకే. మన వైపు అయ్యప్ప మాల వేసి నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా ఉండి, మాల తీసిన రాత్రే సీసా మూత తీసేవాళ్లు వీధికి ఇద్దరుంటారు, మీ నాన్న కూడా అదే చేశారు. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు మా వీధి ఆడవాళ్లమంతా ఇంక కొంపలు బాగుపడ్డాయనుకున్నాం. పక్కనే ఒరిస్సా, ఊళ్లో నాటుసారా, ఇంక కొరతేముంది! 1997లో ఎత్తేసేనాటికి మీ నాన్న తాగుడు తగ్గిందీ లేదు, పెట్టిందీ లేదు.

ఆ తర్వాత మీ నాన్నని చూసిన కౌన్సిలర్ ఒకాయన నాకు అర్థమయ్యేలా చెప్పారు. ప్రోచాస్కా, డిక్లెమెంటే అని అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు, సిగరెట్లు వాళ్లంతట వాళ్లు మానేసిన మనుషుల్ని గమనించి, మానడం కొన్ని దశల్లో జరుగుతుందన్నారట. మొదట తనకేం సమస్య లేదంటాడు. తర్వాత ఉందేమో అని లోపల గింజుకుంటాడు. ఆపైన సిద్ధపడతాడు, అప్పుడు ఆపుతాడు, చివరిది నిలబెట్టుకోవడం. ఆ నిలబెట్టుకోవడం ఆరు నెలలు దాటాకే మొదలని వాళ్ల లెక్క. చాలామంది మధ్యలో జారి వెనక్కి వెళ్లి మళ్లీ వస్తారని కూడా చెప్పారు. నిజానికి నాకు ధైర్యం ఇచ్చింది ఆ చివరి మాటే. అల్లుడుగారు ఇంకా ఆపే దశలోనే ఉన్నారు, నువ్వేమో ఫోన్‌లో చివరి మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నావు.

ఈ సంబరం కొన్ని వారాలే. తర్వాత రాత్రిళ్లు నిద్ర పట్టదు, నెలల తరబడి పట్టకపోవచ్చు. తీపి మీద పడతారు, మీ నాన్నయితే బెల్లం డబ్బా ఖాళీ చేసేసేవారు. ఊరికే చిరాకు పడతారు. అన్నిటికంటే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతారు. మీ నాన్న మిల్లు షిఫ్టు దిగి ఇంటికొచ్చే దారిలోనే షాపు ఉండేదని, రైలు పట్టాల వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చేవారు, ఎండలో కూడా. జీతం రోజైతే నేనే నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని, నిఘాకి కాదు, ఆయనే రమ్మన్నారు. అల్లుడుగారికి ఆ దారి ఏదో, ఆ రోజు ఏదో నువ్వు ఊహించకు, ఆయన్నే అడుగు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ ఉన్నప్పుడే మనసు అటు లాగుతుందట, కాబట్టి ఆఫీసు నుంచి రాగానే ముందు తినడానికేదైనా పెట్టు, గొడవ పడాల్సింది ఉంటే తిన్నాక పడు.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. తాగుడు మానిన తర్వాత కొన్నాళ్లకి మీ నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా మొహం ముడుచుకుని కూర్చునేవారు. తాగినప్పుడే నయం, కనీసం నవ్వేవాడు అని నాకే అనిపించేది. నీకూ అనిపిస్తుంది. అనిపించినందుకు బెంగపడకు, ఆ మాట మాత్రం ఆయనతో అనకు.

డబ్బు విషయం ఇంకా చిక్కు. ఇన్నాళ్లూ అద్దె, పాప ఫీజు, బండి ఈఎంఐ అన్నీ నీ చేతి మీదే నడిచాయి. ఇప్పుడాయన తేరుకుని "ఏటీఎం కార్డు ఏది, దీనికి ఇంత ఎందుకైంది" అంటారు, నీకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లు ఎక్కడికి పోయావని అడగాలనిపిస్తుంది. అడిగితే తప్పేమీ లేదు, కానీ రోజూ అడగకు. పెత్తనమంతా ఒకేసారి ఇచ్చేయకు, అసలు ఇవ్వననీ కూర్చోకు. మా ఇంట్లో మొదట కరెంటు బిల్లు మీ నాన్నకి అప్పచెప్పాను, తర్వాత కిరాణా, బ్యాంకు పుస్తకం చాలా రోజుల తర్వాత. ఆయన అలిగారు కూడా. అలిగితే అలగనీ.

నోరు వాసన చూడ్డం, బ్యాగు వెతకడం, అరగంట లేటైతే పది ఫోన్లు, ఇవి మానేయ్. తాగేవాడు నీకు దొరక్కుండా తాగుతాడు, తాగనివాడికి పరువు పోతుంది. నీ టెన్షన్ సంగతి నువ్వు విడిగా చూసుకోవాలి. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) అని వింటుంటావు కదా, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే సంఘం, 1935లో అమెరికాలో ఒక తాగుబోతు వ్యాపారి, ఒక తాగుబోతు డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకుని మొదలుపెట్టిందది. మీ నాన్న వైజాగ్ వెళ్లేవారు మీటింగులకి, ఫీజు లేదు, పేరు కూడా అడగరు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే ఉంటుంది, అది నీకోసం. హైదరాబాద్‌లో ఎక్కడ జరుగుతుందో కనుక్కుని వెళ్లు, ఒక్కసారైనా. ఎవరికీ చెప్పుకోలేని రాత్రయితే 14416కి చెయ్యి, అది టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు మాన్పించే వైద్యం గురించి అడగాలంటే 14446.

మీ అత్తగారు ఎవరో చెప్పారని కూరలో కలిపే మందు తెప్పిస్తానన్నారట. వద్దంటే వద్దు. కూరలో కలిపే ఆ పొడులు చాలాసార్లు డైసల్ఫిరామే. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. మాత్ర వేసుకుంటున్నానని ఆయనకి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు రాస్తేనే అది మందు. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఒంట్లో దాని ప్రభావం ఉండొచ్చు. ఆయనకి అదే రాసి ఉంటే దగ్గు సిరప్పు మీద ఏముందో చదువు, నీరసానికని అరిష్టాలు పోయకు, వాటిలో పులిసి పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. తాగాలన్న లాగుడు తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని వేరే మాత్రలున్నాయి, లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది సరిపడుతుందో డాక్టరే చెప్తారు.

ఇక, ఒకరోజు తాగి వస్తే? రావచ్చు అమ్మలూ. ఆ రాత్రి ఏమీ మాట్లాడకు, బండి తాళం మాత్రం తీసుకో. పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేయించు, ఆయన చేతే. ఒక్కసారి తాగగానే "ఇంక అంతా పోయింది, ఎలాగూ తాగాను కదా" అనుకోవడంతోనే చాలామంది మొత్తంగా మునుగుతారు, నువ్వు కూడా ఆ మాటే అంటే ఆయనకి సాకు దొరికినట్టే. అలాగని తేలిగ్గా తీసుకునే విషయమూ కాదు. మానేశాక ఒంటికి పాత అలవాటు పోతుంది, మునుపటంత తాగితే ఇప్పుడు తట్టుకోలేదు, మళ్లీ ఆపేటప్పుడు వణుకు, ఫిట్స్ మునుపటికంటే గట్టిగా రావచ్చు. కానీ నీ మీద చెయ్యి ఎత్తితే అది జబ్బు ఖాతాలో వెయ్యకు. పాపని తీసుకుని బయల్దేరు, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి చెయ్యి, నాకు చెయ్యి. మీ నాన్న కూడా ఇదే మాట చెప్పమన్నారు.

ఈ ఏడు పైడితల్లమ్మ సిరిమానుకి రావద్దు. దసరా అయ్యాక మంగళవారం పండగ, ముందురోజు తొలేళ్లకే మీ చిన్నాన్న జట్టంతా మనింట్లో దిగుతుంది, వాళ్లు ఎలాంటివాళ్లో నీకు తెలుసు, "అల్లుడికి ఒక్క పెగ్గు" అనకుండా ఉండరు. సంక్రాంతి కనుమకీ అంతే. ఎవరైనా అడిగితే పాపకి పరీక్షలని చెప్పు, నేను ఇక్కడ చూసుకుంటాను. పండగ రద్దీ తగ్గాక మేమే వస్తాం, మీ నాన్న టికెట్లు చూస్తున్నారు. అల్లుడుగారితో సాయంత్రాలు వాకింగ్‌కి వెళ్తానంటున్నారు, ఆయన మోకాలికి అది మంచిదో కాదో తెలీదు గానీ వెళ్లనీ.

సెంటర్‌లో రాసిన మందుల చీటీ ఫోటో తీసి పంపు, ఏ మాత్ర ఎప్పుడో నేను ఒకసారి చూస్తాను. లివర్ రిపోర్టు కూడా.

అమ్మ