రాజమండ్రి వ్యాపారం బాగోగులు చూసే అధికారి ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

2027 జూన్ 26న మొదలయ్యే గోదావరి పుష్కరాల ఏర్పాట్ల గురించి రోజూ ఏదో ఒక వార్త చదువుతూనే ఉన్నాం. ఘాట్ల పొడవు, రోడ్ల వెడల్పు, మరుగుదొడ్లు, పార్కింగు... ప్రతి దానికీ ఒక ఇంజినీరు, ఒక అంచనా, ఒక టెండరు. మంచిదే. కానీ ఆ పన్నెండు రోజులూ వచ్చే జనం ఎక్కడ తింటారు, ఏం కొంటారు, ఆ డబ్బులో ఊరివాళ్ల గల్లాపెట్టెలో పడేదెంత, పదమూడో రోజున మనకు మిగిలేదేమిటి? ఈ లెక్క కట్టడమే ఉద్యోగంగా ఉన్న అధికారి ఒక్కరైనా ఉన్నారా? ఉంటే ఆ సీటు ఏ అంతస్తులో ఉందో ఎవరైనా చెప్పండి, వెళ్లి కలుస్తాను.

కార్పొరేషన్‌లో కమిషనరు ఉంటారు. ఆయన కింద అదనపు కమిషనరు, డిప్యూటీలు, ఇంజినీర్లకు పెద్ద అయిన ఎస్‌ఈ, సిటీ ప్లానరు, ఆరోగ్యాధికారి, రెవెన్యూ వాళ్లు. వీధిలో కొత్తగా దుకాణం తెరిస్తే వీళ్లందరికీ తెలుస్తుంది. ట్రేడ్ లైసెన్సు ఆరోగ్య విభాగం చూస్తుంది. ఆస్తిపన్ను రెవెన్యూది. బోర్డు జానెడు ముందుకొస్తే టౌన్ ప్లానింగ్ దిగుతుంది. తోపుడు బండి అయితే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా. వసూలుకో, అభ్యంతరం చెప్పడానికో అందరికీ దారి తెలుసు. అదే దుకాణం ఆర్నెల్లకు షట్టరు దించేస్తే ఎందుకు దించావయ్యా అని అడిగే మనిషి వీళ్లలో లేడు. పదిమంది చేరితే పాము చావదంటారు కదా, ఇక్కడ పామును కొట్టే కర్ర ఎవరి చేతిలో ఉందో కూడా తెలియదు.

జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది కదా అనవచ్చు. అది జిల్లా మొత్తానికి, అదీ ఫ్యాక్టరీలకు, సబ్సిడీలకు. మెయిన్ రోడ్డులో అద్దెలు ఎందుకు పెరుగుతున్నాయో, బేరాలు ఎందుకు తగ్గుతున్నాయో చూడటం దాని పని కాదు.

నిజానికి ఇది ఎవరి పనో రాసే ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో పన్నెండో షెడ్యూలు చేరింది. పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 పనులు అందులో వరసగా ఉన్నాయి. నాలుగోది రోడ్లు, వంతెనలు. ఐదోది నీటి సరఫరా. వాటికంటే ముందు, మూడోది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక వేయడం. ముప్ఫై ఏళ్లు దాటిపోయాయి. నాలుగోదానికీ ఐదోదానికీ ఇంజినీర్లూ జీపులూ ఉన్నాయి. మూడోదానికి కుర్చీ కూడా వేయలేదు.

కుర్చీ లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మా వెనక వీధిలో ఒకావిడ పూతరేకులు, సున్నుండలు చేసి అమ్ముతారు. ఆవిడతో పాటు మరికొందరు ఆడవాళ్లు పనిచేసేవారు. ఆర్డర్లు పెరిగాయని రోడ్డు మీద షాపు తీసుకుందామనుకున్నారు. ఒక ఆఫీసులో అద్దె అగ్రిమెంటు తెస్తేనే లైసెన్సు అన్నారు. షాపు ఓనరేమో లైసెన్సు చూపిస్తేనే అగ్రిమెంటు అన్నాడు. ఈలోగా ఇంటి మీటరును కమర్షియల్ కేటగిరీకి మార్చుకోమని ఇంకో ఆఫీసు. ఎవరూ లంచం అడగలేదు, కసురుకోలేదు. ఎవరి కాగితం వాళ్లు అడిగారు, అంతే. ఆవిడ విసిగిపోయి ఇద్దరు పనివాళ్లను మాన్పించి మళ్లీ ఇంట్లోనే చేసుకుంటున్నారు. రెండు ఉద్యోగాలు పోయిన సంగతి ఏ రికార్డులోనూ ఎక్కలేదు.

నాది చిల్లర బట్టల దుకాణం. ద్వారపూడి బట్టల మార్కెట్టుకు పోయేవాళ్లు పోగా, కోనసీమ నుంచి, ఏజెన్సీ నుంచి పెళ్లిబట్టలకూ బంగారానికీ జనం రాజమండ్రే వచ్చేవారు. ఇప్పటికీ వస్తారు కానీ చీర చూసి, ధర విని, ఫోనులో ఇంకోచోట రేటు చూస్తారు. దాన్ని ఆపమని ఎవరినీ అడగను, అది కాలం. కానీ కారు ఆపుకోవడానికి చోటు లేక వెనక్కి తిరిగిపోయే బేరాన్ని ఆపగలిగేది నగర పాలనే. తాడితోట హోల్‌సేల్ దుకాణాలు, కడియం నర్సరీలు, మండపేట రైసుమిల్లులు, అంబాజీపేట కొబ్బరి, అన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి. వీటన్నిటికీ మధ్యలో ఉన్న నగరం తన వంతుగా ఏం చేయాలో ఎవరూ కూర్చుని ఆలోచించలేదు. విశాఖ కేంద్రంగా తయారుచేస్తున్న ఆర్థిక ప్రాంతంలో మన తూర్పు గోదావరి జిల్లానూ కలిపారు. సంతోషం. అక్కడివాళ్లు ఫోను చేస్తే ఇక్కడ ఎత్తేదెవరు?

ఇతర దేశాల్లో దీనికోసం పెద్ద పదవులే ఉన్నాయి. 2002లో న్యూయార్క్ మేయరైన మైకేల్ బ్లూమ్‌బెర్గ్, ఆర్థికాభివృద్ధి కోసం డేనియల్ డాక్టరాఫ్‌ను డిప్యూటీ మేయరుగా పెట్టుకున్నారు. ఆ నగరంలో 1980లో గూడ్సు రైళ్లు ఆగిపోయిన ఎత్తైన రైలుమార్గం ఒకటి ఉండేది. అంతకుముందు పాలకులు దాన్ని కూల్చేద్దామన్నారు. పార్కుగా మారిస్తే పెట్టిన ఖర్చుకంటే పన్నుల రూపంలో ఎక్కువే తిరిగొస్తుందని లెక్క చూపించాక కొత్త యంత్రాంగం ఒప్పుకుంది. 2009లో అది హైలైన్ పార్కుగా తెరుచుకుంది. ఇప్పుడు ప్రపంచమంతా వెళ్లి చూస్తోంది. చుట్టుపక్కల అద్దెలు పెరిగి చిన్న దుకాణాలవాళ్లు కొందరు ఖాళీ చేయాల్సి వచ్చిందన్నది కూడా ఆ కథలో భాగమే. ఆ సగాన్ని మనవాళ్లు చెప్పరు.

ఇదంతా ఎందుకంటే, మనకూ ఒక పాత రైలు వంతెన ఉంది. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనను అఖండ గోదావరి ప్రాజెక్టు కింద పర్యాటక కేంద్రం చేస్తామని 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. ప్రాజెక్టు మొత్తం దాదాపు 94 కోట్ల పని. వంతెన మీద ఏ దీపం ఎక్కడ పెట్టాలో ఇంజినీర్లు చెబుతారు. దిగిన మనిషి ఎటు నడుస్తాడు? అక్కడ పెట్టే స్టాళ్లన్నీ ఒకే కాంట్రాక్టరుకు పోతాయా, లేక కడియం నర్సరీ రైతుకు ఒకటి, ఆత్రేయపురం పూతరేకుల ఆడవాళ్లకు ఒకటి, ఉప్పాడ, బండారులంక నేతవాళ్లకు ఒకటి దక్కుతాయా? టెండరు కాగితంలో ఒక్క నిబంధన రాస్తే తేలిపోయే విషయమిది. ఆ నిబంధన రాయాలని తట్టే మనిషే ఇప్పుడు మనకు కావాలి.

వీధి వ్యాపారుల సంగతీ అంతే. 2014 చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. పుష్కరాలంటే మొదట కదిలించేది బండ్లవాళ్లనే. వాళ్లను ఎక్కడ నిలబెట్టాలో చివరి వారంలో లాఠీతో తేల్చేకంటే ఇప్పుడే ఆ కమిటీని కూర్చోబెట్టి తేల్చడం మేలు.

కొత్త పోస్టు అంటే నాకూ కాస్త భయమే. ఇంకో ఏసీ గది, ఇంకో కారు, పెట్టుబడుల సదస్సులో ఇంకో శాలువా. అందుకే షరతులతో అడుగుతున్నాను. అదనపు కమిషనరు హోదా ఉండాలి, లేకపోతే తక్కిన విభాగాలు మాట వినవు. మూడేళ్లు కదపకూడదు. ఇప్పటికే నాలుగు పనులున్న అధికారికి ఇన్‌ఛార్జిగా తగిలించకూడదు. ట్రేడ్ లైసెన్సులు, కార్పొరేషన్ షాపుల అద్దెలు, వెండింగ్ కమిటీ ఆ ఒక్కరి కిందికే రావాలి. ఏటా ఎన్ని దుకాణాలు తెరిచారో, ఎన్ని మూతపడ్డాయో వార్డుల వారీగా అచ్చువేసి నోటీసు బోర్డులో పెట్టాలి. పెట్టుబడి ఒప్పందాల (ఎంఓయూల) కోట్లు మాకొద్దు, ఈ లెక్క చాలు. ఆ లెక్కను నిలదీసే పాలకవర్గం కూడా ఉండాలి. 2021లో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు మన నగరానికి ఆ భాగ్యం కూడా లేకపోయింది.

వచ్చిన అధికారి ముందుగా మెయిన్ రోడ్డు, తాడితోట, కోటిపల్లి బస్టాండు చుట్టూ ఉన్న దుకాణాల జాబితా రాయించాలి. ఏం అమ్ముతున్నారు, ఎంతమంది పనిచేస్తున్నారు, సొంతమా అద్దా, ఇంతే. సిబ్బంది లేరన్న మాట రావచ్చు. మా బజారు తరఫున చదువుకున్న కుర్రాళ్లను పంపడానికి మేం సిద్ధం. టీ ఖర్చు కూడా మాదే.

ఇట్లు,
ఒక చిల్లర బట్టల వ్యాపారి,
రాజమహేంద్రవరం