పిల్లల రక్త క్యాన్సర్: మందు మధ్యలో ఆగకూడదు

సంపాదకుల వారికి,

1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం దొరికిందని ప్రకటించారు. ఆ మందు తయారైన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దానికి దగ్గరి మందైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రకం రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. అందులో ఎక్కువ కాలం ఇంటి దగ్గర మాత్రలు మింగించే దశదే. మెర్కాప్టోప్యూరిన్ అనే మాత్ర రోజూ వేయాలి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఈ రెండోది పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. చదువు రాని తల్లి క్యాలెండర్‌లో ఆ రోజుకు ఎర్ర సున్నా చుట్టుకుని నెట్టుకురావలసిందే. రక్తంలో తెల్లకణాల లెక్క చూసి మోతాదు సరిచేయించుకోవడానికి పార్వతీపురం, ఆదిలాబాద్ వైపు వారు కూలి వదులుకుని విశాఖకో హైదరాబాదుకో వెళ్లాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆసుపత్రి ఖర్చు భరించినా, పోయిన కూలిని ఎవరూ ఇవ్వరు. బిడ్డ ఆడుకుంటూనే ఉందిగా అని చికిత్స మానేసే ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

ఆ రక్తపరీక్ష ఏమంత పెద్దది కాదు. దాన్ని జిల్లా ఆసుపత్రిలోనే చేసి, ఫలితాన్ని అదే రోజు క్యాన్సర్ వైద్యులకు పంపి, మోతాదును ఫోన్‌లో చెప్పించే ఏర్పాటును, గడువుకు రాని బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్తను పంపే బాధ్యతను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే చేపట్టాలి.

– ఒక పాఠకుడు, కాకినాడ